బట్టపై నూనె మరక: ఎక్కడినుండి వచ్చును, ఎట్లు పోవును

నేతపనిలో పోగు తెగినచో ముడివేసికొందుము. అంచు వదులైనచో సరిచేసికొందుము. కాని నూనె మరక పడిన బట్టను చూచినంతనే కొనుగోలుదారు ప్రక్కకు నెట్టును. తువ్వాలంతయు చక్కగా ఉన్నను, రూపాయి బిళ్ళంత మరక ఒక్కటి కనబడినచో అది రెండవరకము క్రిందికి పోవును. ధర తగ్గును. ఆ తగ్గిన ధర ఎవరి లెక్కలో పడునో మన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. చాలాచోట్ల అది నేతకూలిలోనే కోతపడుచున్నది. మరక మగ్గము మీద పడినదా, కండెలు చుట్టునపుడు పడినదా, గోదాములో పడినదా అని విచారించువారు తక్కువ.

మరియొక తీరు ప్రశ్నలు కూడ మనకు వచ్చుచున్నవి. మన తువ్వాళ్ళు, దుప్పట్లు, సీటు గుడ్డలు కొన్నవారు, “కారు సీటుకు నూనె అంటినది, ఎట్లు తీయవలెను?” అని దుకాణములో అడుగుచున్నారు. బట్ట అమ్మినవాడు బట్ట సంగతి చెప్పలేకపోయినచో సరుకు మీద నమ్మకము తగ్గును. కావున ఈ రెండు అవసరములను దృష్టిలో ఉంచుకొని, నూనె మరకను గుర్తించు విధమును, పోగొట్టు విధమును సభ్యుల ముందు ఉంచుచున్నాము.

మరక ఆకారమే సాక్ష్యము

మరకను కడుగుటకు ముందు ఒక్క నిమిషము దానిని చూడవలెను. కడిగిన తరువాత సాక్ష్యము మిగలదు.

మరక పేక వెంబడి సన్నని గీతవలె ఉండి, ఆ ఒక్క పోగే నల్లబడి, ప్రక్క పోగులు శుభ్రముగా ఉన్నచో అది కండెలోనుండి వచ్చినది. రాట్నపు కదురుకు వేసిన నూనె కండె చుట్టునపుడే నూలుకు అంటుకొని ఉండును. ఇటువంటి మరకకు కడుగుటకంటె సులువైన ఉపాయము కలదు. చెడిన పోగును సూదితో తీసివేసి, అదే నూలుతో, అదే దారిలో మంచి పోగును ఎక్కించవచ్చును. చేయి తిరిగిన వారు చేసినచో కనిపెట్టుట కష్టము.

మరక పడుగు వెంబడి గజముల పొడవున సాగినచో అది పడుగు తోడునపుడో, అంతకుముందు నూలులోనో వచ్చినది. అది ఆ పడుగులోని బట్టలన్నింటిలో అదే చోట కనబడును.

మరకలు ఒక అంచు దగ్గరనే గుంపుగా ఉన్నచో ఆ ప్రక్కనున్న నాడెపెట్టెను, పికరు నడుచు ఊచను చూడవలెను. అక్కడ నూనె ఎక్కువైనపుడు నాడె దానిని మోసికొని వచ్చి బట్టకు పూయును. గుండ్రని చుక్కలు వరుస లేక అక్కడక్కడ పడినచో అవి పైనుండి కారినవి. మగ్గము పైనున్న డాబీకిగాని జకార్డుకుగాని వేసిన నూనె కారణమని తెలిసికొనవలెను.

ఒకే మరక కొంత కొంత దూరములో మరల మరల వచ్చుచు, పోనుపోను లేతబడినచో అది బట్ట దోనెకు చుట్టి ఉండగా తగిలినది. నూనె ఒక చుట్టునుండి క్రింది చుట్టుకు ఇంకినది. మరకకు మరకకు నడుమ దూరము దోనె చుట్టుకొలతకు దగ్గరగా ఉండును.

బట్టను మడతపెట్టిన తరువాత పడిన మరక వేరుగా తెలియును. మడత విప్పి చూచినచో పై పొరలో పెద్దదిగా, క్రింది పొరలో చిన్నదిగా, ఆ క్రింద ఇంకను చిన్నదిగా, మడత గీతకు ఇరుప్రక్కల జంటలుగా కనబడును. ఇది గోదాములోనో, బండిలోనో, కట్ట కట్టిన త్రాటివలననో వచ్చినది. దీనికి నేతగాడు బాధ్యుడు కాడు. ఈ సంగతి సభ్యులందరు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

నూనెలన్నియు ఒకటి కావు

కొబ్బరినూనె, నువ్వులనూనె, వేరుశనగనూనె, నెయ్యి మొదలగునవి చెట్లనుండి, పశువులనుండి వచ్చినవి. వీటికి క్షారము తగిలినపుడు కొంతభాగము సబ్బుగా మారును. సబ్బు తయారగుట కూడ ఇట్లే. అందుచేత అన్నపు నూనె, తలనూనె సోడా కలిసిన వేడినీటిలో చాలవరకు దిగిపోవును.

మగ్గపు నూనె, మోటారు ఆయిలు భూమినుండి తీసిన నూనెలు. వీటిని సోడాలో ఎంత కాచినను సబ్బుగా మారవు. గ్రీజు అనగా అటువంటి నూనెనే ఒకరకపు సబ్బుతో చిక్కబరచినది. ఇటువంటి నూనెను పోగునుండి ఊడదీసి నీటిలో తేలగొట్టుట తప్ప మార్గము లేదు. ఆ పని చేయునది సబ్బు, లేక బట్టల పొడి. దాని కణమునకు ఒక కొస నూనెను పట్టును, మరియొక కొస నీటిని పట్టును. ఈ విధముగా నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీటితోపాటు బయటికి పోవును. ఉత్తనీళ్ళు ఎన్ని పోసినను పని జరగకపోవుటకు కారణమిదే.

పోగు గుణము కూడ గమనింపవలెను. నూలుకు నీరన్న ఇష్టము. తడిసినపుడు ఉబ్బి నూనెను వదులును. పాలియెస్టరుకు నీరు పట్టదు, నూనె బాగుగా పట్టును. అందుచేత చూచుటకు నున్నగా ఉన్నను పాలియెస్టరు బట్టలో మరక మొండిది.

ఇక కాలము సంగతి. చెట్ల నూనె గాలి తగిలినకొలది చిక్కబడి పసుపుపచ్చనగును. అవిసెనూనె కలిసిన రంగు గోడమీద ఎండి గట్టిపడుట అందరు చూచినదే. బట్టపై నూనె కూడ కొంతవరకు ఆ దారినే పట్టును. వేడి ఆ పనిని త్వరపెట్టును. కావున మరకతో బట్టను ఎండలో వేయరాదు, ఇస్త్రీ చేయరాదు. మరక పోయినదో లేదో తెలియకుండ ఇస్త్రీపెట్టె పెట్టుటవలన సగము పని చెడిపోవుచున్నది.

నూలు బట్టకు చేయవలసిన పని

మొదట నూనెను పీల్చవలెను. శుభ్రమైన తెల్లగుడ్డను మరకపై అదిమి ఎత్తవలెను. రుద్దరాదు. రుద్దినచో మరక వెడల్పగును, పోగుల లోనికి దిగును.

పిమ్మట సుద్దపొడిగాని, టాల్కం పొడిగాని, ముల్తానిమట్టిగాని మందముగా చల్లి కొన్ని గంటలు విడువవలెను. రాత్రి చల్లి ఉదయము దులుపుట మంచి పద్ధతి. పొడి నూనెను త్రాగి ముద్దకట్టును. దానిని మెత్తని కుంచెతో దులిపి, అవసరమైనచో మరల చల్లవలెను. టర్కీ తువ్వాలులో ఉంగరములుగా లేచిన పోగులు నూనెను లోతుగా పట్టి ఉంచును. వాటికి పొడి రెండుమూడు మార్లు వేయవలసి ఉండును. కుంచెను గట్టిగా లాగినచో ఉంగరములు ఊడివచ్చును.

పొడి చేయగలిగినది చేసిన తరువాత, ఇంకను నీళ్ళు పోయకుండగనే, గిన్నెలు తోము లిక్విడు రెండుమూడు బొట్లు మరకపై వేసి వ్రేలితో మెల్లగా పట్టింపవలెను. పొడి బట్టపై వేసినపుడు సబ్బు నేరుగా నూనెను చేరును. ముందుగా తడిపినచో నీరు అడ్డుపడి సబ్బు పలుచనగును. పదిహేను నిమిషములు ఆగి, రంగు తట్టుకొనునంత వేడినీటిలో బట్టలపొడితో ఉతకవలెను. తెల్లని నూలు బట్ట 60 డిగ్రీల వేడిని సులువుగా ఓర్చును. తెల్లబట్టకు, గట్టి వ్యాటు రంగు బట్టకు లీటరు నీటికి 2 లేక 3 గ్రాముల చాకలిసోడా చేర్చవచ్చును. డైరెక్టు రంగులు వేసిన బట్టకు వేడినీరు, సోడా రెండును పనికిరావు. అవి రంగును లాగివేయును.

ఏ రంగు వేసినదో తెలియనపుడు మడతలోపలి మూలను తడిపి, తెల్లగుడ్డతో అదిమి చూడవలెను. గుడ్డకు రంగు అంటినచో చల్లని నీటితో, మెత్తని సబ్బుతో సరిపెట్టుకొనవలెను.

ఉతికిన బట్టను నీడలో ఆరవేసి, ఆరిన తరువాత వెలుతురులో చూడవలెను. తడిబట్టలో నూనె మరక దాగుకొనును. ఇంకను జాడ ఉన్నచో అదే పని మరల చేయవలెను. రెండవ ఉతుకులో పోని మరక మూడవ ఉతుకులో పోవుట కలదు.

నల్లని మరక, బ్లీచింగు

మగ్గపు నూనె మరక నల్లగా ఉండుటకు కారణము నూనె కాదు. ఇనుప భాగములు ఒరసికొని రాలిన పొడి అందులో కలిసి ఉండును. నూనె పోయిన తరువాత కూడ లేత గోధుమరంగు జాడ మిగిలినచో అది త్రుప్పు. దానికి సబ్బు పనిచేయదు. ఇండ్లలో నిమ్మరసము, ఉప్పు పట్టించి కొంతసేపు ఉంచి కడుగుదురు. పనిశాలలలో ఆక్జాలిక్ ఆమ్లమును నీటిలో కలిపి వాడుదురు. అది విషము. చేతికి రబ్బరు తొడుగు లేక ముట్టరాదు, పిల్లలకు అందునట్లు ఉంచరాదు. వాడిన తరువాత బట్టను పలుమార్లు మంచినీటిలో జాడింపవలెను.

మరక పడిన గోధుమరంగు బట్టను “బ్లీచింగులో పోవునులే” అని పంపుట చాల ప్రమాదము. బ్లీచింగు మందు రంగును కొట్టును గాని జిడ్డును కరగించదు. అంతేకాదు, హైడ్రోజన్ పెరాక్సైడుతో బ్లీచింగు చేయునపుడు మరకలోని ఇనుపపొడి ఆ మందును ఒక్కచోట ఉద్ధృతముగా పనిచేయించును. అక్కడి నూలు చీకిపోయి సూదిబెజ్జములు పడును. బ్లీచింగునుండి వచ్చిన తువ్వాలులో చిన్న రంధ్రములు కనబడినపుడు పురుగు కొట్టినదనియు, నూలు నాసిరకమనియు తగవులాడుకొనుట ఉన్నది. కొన్ని మార్లు అసలు కారణము ఈ ఇనుపపొడియే. కావున నల్లమరకను బ్లీచింగుకు ముందే తీసివేయవలెను.

పట్టుబట్ట, జరీ

కంచి, బరంపురము మొదలగు పట్టు నేయు తావులలోని సభ్యులు పై పద్ధతిని పట్టుకు వాడరాదు. పట్టు జంతువునుండి వచ్చిన పోగు. సోడా, వేడినీరు దాని మెరుపును, బలమును తినివేయును. పట్టుకు పొడి వైద్యమే మొదటి వైద్యము. టాల్కం పొడి చల్లి, పైన తెల్లకాగితము వేసి, రాత్రంతయు ఉంచి దులపవలెను. రెండుమూడు మార్లు చేసినచో క్రొత్త మరక చాలవరకు పోవును. మిగిలినదానిని డ్రైక్లీనింగు తెలిసినవారికి అప్పగించుట క్షేమము. ఉతుకుకు తట్టుకొను పట్టును కుంకుడురసము కలిసిన చల్లని నీటిలో ఉతకవచ్చును. జరీ ఉన్నచోట నిమ్మరసముగాని, సోడాగాని, త్రుప్పుమందుగాని తగులరాదు. జరీ నల్లబడినచో మరక కంటె అదే పెద్ద నష్టము.

కారు సీటు

ఇక కొనుగోలుదారుల ప్రశ్న. ఈనాటి కార్లలో గుడ్డ సీట్లు చాలవరకు పాలియెస్టరువి. పైన చెప్పినట్లు పాలియెస్టరు నూనెను వదలదు. పైగా ఆ గుడ్డను విప్పి ఉతకలేము. క్రింద స్పంజి ఉండును. నీళ్ళు పోసినచో స్పంజి త్రాగి, నూనెను, మురికిని తనలో దాచుకొని, ఆరునపుడు మరల పైకి పంపును. మరక చుట్టు వలయము ఏర్పడును, ముక్కవాసన పట్టును. కొన్ని కార్ల సీట్లలో గాలిసంచులు, విద్యుత్తు తీగలు కూడ ఉండును. కావున సీటును తడుపరాదన్నది మొదటి సూత్రము.

గ్రీజువంటి గట్టి జిడ్డు ఉన్నచో మొద్దు కత్తితో పైపైన గీకి తీయవలెను. తరువాత తెల్లగుడ్డతో అదిమి, పొడి చల్లి, కొన్ని గంటలు ఉంచి, దులిపి, గాలిమిషనుతో లాగివేయవలెను. ఒక కప్పు గోరువెచ్చని నీటిలో గిన్నెల లిక్విడు ఒక చెంచా వేసి బాగుగా గిలకొట్టి, నురుగును మాత్రమే గుడ్డకు తీసికొని మరకపై అద్దవలెను. ఎల్లప్పుడు మరక బయటి అంచునుండి నడిమికి రావలెను. నడిమినుండి బయటికి పోయినచో మరక పెరుగును. నురుగు అద్దిన తరువాత, పిండిన తడిగుడ్డతో సబ్బును తుడిచి, పొడి తువ్వాలుతో గట్టిగా అదిమి తేమను తీసివేయవలెను. సబ్బు మిగిలినచో అది మరల దుమ్మును పట్టును. తలుపులు తెరచి, గాలి ఆడునట్లు ఆరనీయవలెను.

అద్దుటకు తెల్లగుడ్డనే వాడవలెనని కొనుగోలుదారులకు తప్పక చెప్పవలెను. ఎర్ర అంచు తువ్వాలుతో తుడిచినచో ఆ ఎరుపు సీటుకు అంటుకొనుట కద్దు. నాఫ్తాలు ఎరుపు నీటిలో నిలిచినను రుద్దినపుడు కొంత రాలును. తప్పు మాత్రము తువ్వాలు నేసినవానిపై వచ్చును.

సీటుకు తల ఆనుచోట పడు మరక తలనూనెది. ఇది ఒక్కనాటిది కాదు, ప్రతిదినము కొంత కొంత చేరును. 19వ శతాబ్దములో ఇంగ్లండులో మకాసర్ అను తలనూనె వాడుక ప్రబలినపుడు, కుర్చీల వీపుమీద జిడ్డు పట్టకుండ ఇల్లాండ్రు ఉతుకుటకు వీలగు గుడ్డలు పరచిరి. వాటికి యాంటీ మకాసర్ అను పేరే నిలిచిపోయినది. మన దేశములో అధికారుల కార్ల సీట్లపై తెల్ల టర్కీ తువ్వాలు పరచు ఆచారము కూడ ఇదే ఉపాయము. అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయినను తువ్వాలు అలవాటు పోలేదు. సీటు మరకకు అన్నింటికంటె చౌకయైన మందు, తీసి ఉతుకుకొనదగిన నూలు తువ్వాలు. ఈ మాటను మన దుకాణములవారు నోరారా చెప్పవచ్చును. అది కొనువానికి మేలు, నేసినవానికి పని.

పెట్రోలు, మరక మందులు

కొందరు మరకకు పెట్రోలుగాని కిరసనాయిలుగాని పూయుచున్నారు. కిరసనాయిలు కూడ నూనెయే. ఒక మరకను తీసి, వాసనతో మరియొక మరకను పెట్టును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక నేలబారున ప్రాకి, దూరమున ఉన్న పొయ్యిని చేరి అంటుకొనగలదు. గుంటమగ్గము ఉన్న ఇంటిలో ఆ ఆవిరి గుంటలో నిండును. నేతగాని కాళ్ళు ఉండుచోటు అదే. ఇంటిలోగాని, మూసిన కారులోగాని పెట్రోలు వాడుట ఎంతమాత్రము తగదు.

పూర్వము బట్టల పనిశాలలలో కార్బన్ టెట్రాక్లోరైడు అను మందును మరకలకు ధారాళముగా చిమ్మెడివారు. అది కాలేయమును చెరచును, ఆకాశములోని ఓజోను పొరను కూడ చెరచును. మాంట్రియల్ ఒప్పందము ప్రకారము మన దేశములో ఇట్టి వాడకమును 2010 నాటికి నిలిపివేసిరి. దానికి బదులుగా వచ్చినవాటిలో ట్రైక్లోరోఎథిలీను ఒకటి. అది మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ణయించినది. సీసాపై పేరు లేని మందును “మరక మందు” అని ఎవరు ఇచ్చినను పుచ్చుకొనరాదు. ఇవి కూడ బరువైన ఆవిరులే. బట్ట మరక పోయి మనిషి ఊపిరికి మరక పడుట లాభము కాదు.

మరక పడకుండ

నూనెను డబ్బాతో పోయక బొట్లలెక్కన వేయవలెను. వేసిన పిదప కారినదానిని పాతగుడ్డతో తుడవవలెను. నూనె వేయుట నేత ముగించిన తరువాత సాయంకాలము పెట్టుకొన్నచో ఎక్కువైనది రాత్రి కారిపోవును. కదురుకు నూనె వేసిన తరువాత మొదటి కండెను పనికిరాని నూలుతో చుట్టి విడువవలెను. దోనెపై బట్టకు ఒక పాతగుడ్డ కప్పవలెను. తలకు నూనె రాసికొన్న చేతితో, భోజనము చేసిన చేతితో పన్నెను ముట్టరాదు. ఉతుకులో వదలిపోవునట్లు తయారుచేసిన మగ్గపు నూనెలు బజారులో దొరకుచున్నవి. ధర కొంత ఎక్కువైనను, ముఖ్యముగా మరమగ్గములున్న సభ్యులు వీటిని వాడుట లాభకరము.

కూలికోత విషయము

ఈ వ్యాసమునకు ముఖ్యమైన మాట ఇది. మరక పడిన బట్టకు ధర తగ్గుట న్యాయమే. కాని ఆ తగ్గుదల ఎవరు భరింపవలెనన్నది మరకను చూచి తేల్చవలెను గాని, బట్ట తెచ్చినవాని ముఖము చూచి కాదు. కండె మరకకు కండెలు చుట్టిన తావు బాధ్యత వహింపవలెను. ఇంటిలో ఆ పని చేయునది ఆడవారే అయినను, సంఘమే చుట్టించి ఇచ్చినచో బాధ్యత సంఘముది. పడుగు మరకకు పడుగు తోడిన తావు బాధ్యత. మడత మరకకు గోదాము బాధ్యత. నాడెపెట్టె మరక, డాబీ మరక మాత్రమే మగ్గమువారివి.

కావున ప్రతి సంఘము ఈ మూడు పనులు చేయవలెనని మా మనవి. బట్టను పుచ్చుకొనునపుడే నేతగాని ఎదుట విప్పి చూచి, మరక ఉన్నదో లేదో చీటీపై వ్రాసి ఇద్దరు సంతకము చేయవలెను. మరక కనబడినచో దాని ఆకారమును కూడ వ్రాయవలెను. కడుగుటవలన పోవు మరకకు కూలి కోయక, కడిగించిన ఖర్చు మాత్రమే లెక్కలో చూపవలెను. చీటీపై మరక లేదని వ్రాసి పుచ్చుకొన్న బట్టలో తరువాత మరక కనబడినచో అది సంఘపు మరక.

ఈ మూడింటికి ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము. సభ్యులు తమ సర్వసభ్య సమావేశములలో ఈ విషయమును ప్రస్తావించి, తీర్మానము చేయించుకొందురని ఆశించుచున్నాము.